ఈస్ట్‌ను అరువిచ్చే లోయలు

నార్వేలో బెర్గెన్ నుంచి వోస్ దాకా దారి దాదాపు 100 కిలోమీటర్లు. చాలా భాగం కొండల కడుపులోంచే పోతుంది. ఒక సొరంగం దాటి బయటపడి ఫియోర్డ్ నీళ్లను కళ్లారా చూసేలోపే ఇంకో సొరంగం వచ్చేస్తుంది. మేం వెళ్లింది అక్టోబరులో. బర్చ్ చెట్లు పసుపుబారాయి. కొండల నెత్తిన మొదటి మంచు పడింది. వేసవంతా పైన మేసిన గొర్రెలు కిందికి దిగి, ఇళ్ల పక్క పచ్చికలో గుంపులుగా నిలబడి ఉన్నాయి.

కారు నడుపుతున్నవాడు మా పిన్ని కొడుకు. బెర్గెన్‌లో ఇంజినీరు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడే డిసెంబరు రోజుల్లో కాలక్షేపానికి మొదలుపెట్టిన బీరు కాయడం ఇప్పుడు వాడి ఇంట్లో నేలమాళిగ గదిని మొత్తం ఆక్రమించింది. 25 లీటర్ల స్టీలు పాత్ర, వేడిని అదుపుచేసే పెట్టె, గాజు జాడీలు, సీసాలకు మూతలు బిగించే చేతి యంత్రం, ప్రతి కాపునూ తేదీ వేసి రాసుకున్న నోటుపుస్తకం. నార్వేలో ఆల్కహాల్ 4.7 శాతం దాటిన బీరు ప్రభుత్వ దుకాణంలోనే దొరుకుతుంది. మామూలు కొట్లలో పలచటి బీరు కూడా రాత్రి ఎనిమిది దాటితే అమ్మరు, శనివారం ఆరింటికే ఆపేస్తారు. కాస్త చిక్కటి బీరు తాగాలనుకునేవాళ్లు సొంతంగా కాచుకోవడం అక్కడ మామూలే.

నేను వెళ్లిన మర్నాడే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాచి చూపించాడు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని పిండి కానివ్వకుండా రవ్వగా విరిచి, 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచాలి. మొలకలో పుట్టిన ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి రసాన్ని వడకట్టి, చేదుకూ వాసనకూ హాప్స్ పూలు వేసి మరిగించి, 20 డిగ్రీలకు చల్లార్చి, పొట్లం చింపి ఈస్ట్ చల్లాలి. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఎదురుచూడాలి. బ్రిటన్‌లో ఇంట్లో బీరు కాయడానికి 1963 దాకా లైసెన్సు కావలసి వచ్చేది. అమెరికాలో ఈ పని చట్టబద్ధమైంది 1978లో. ఆ దేశాల్లో ఇది చాటుమాటు లేని హాబీ అయి, దానిచుట్టూ క్లబ్బులూ పుస్తకాలూ పుట్టింది ఆ తర్వాతే. ఆ పుస్తకాలన్నిటిలోనూ ఒక హెచ్చరిక తప్పకుండా ఉంటుందని మా వాడు చెప్పాడు. వేడి రసంలో ఈస్ట్ వేయకూడదు. 22 డిగ్రీలు దాటితే రుచి చెడుతుంది.

"నేను చేసేదంతా సామాను కొనుక్కుని చేసే పని అక్కా. ఈ సామానేదీ లేని కాలం నుంచీ కాస్తున్నవాళ్లు వోస్‌లో ఉన్నారు. వాళ్లు 40 డిగ్రీల్లో వేస్తారు. అది నీకు చూపించాలి" అన్నాడు.

వోస్ ఊరు వాంగ్స్ సరస్సు ఒడ్డున ఉంది. నడిబొడ్డున 1277 నాటి రాతి చర్చి. మేం వెళ్లవలసిన ఇల్లు ఊరికి ఎగువన, కొండవాలులో. ఇంటికి కొంచెం ఎడంగా చెక్కతో కట్టిన చిన్న పాక. పడమటి నార్వే పొలాల్లో పొయ్యి పని కోసం ఇలా వేరే కట్టుకున్న పాకను ఎల్డ్‌హూస్ అంటారు. రొట్టెలు కాల్చినా, బీరు కాచినా అందులోనే. నిప్పు ఎగిరి ఇంటిమీద పడకుండా ఆ ఎడం. మేం తెల్లవారుజామున వెళ్లేసరికే లోపల బర్చ్ కట్టెలు భగభగ మండుతున్నాయి. మంటమీద గొలుసుకు వేలాడుతూ 150 లీటర్ల రాగి కాగు. గుమ్మంలో మేం బూట్లు విప్పబోతే ఇంటాయన వద్దన్నాడు. అసలింట్లోకి మాత్రం ఎవరైనా బూట్లు విప్పే వెళ్లాలి. ఆ ఒక్క మర్యాదతో నాకు ఆ దేశంలో సగం కొత్త పోయింది.

ఆయనకు డెబ్బై దాటాయి. పలకరింపుగా తల ఊపి, నా చేతికి ఒక కత్తి ఇచ్చి, పాక వెనక జునిపెర్ పొద చూపించాడు. అతిథి ఊరికే కూర్చుని చూడటమనేది అక్కడ లేదు. లేత కొమ్మలు కోసుకొచ్చి కాగులో వేశాను. సూదుల్లాంటి ఆకులతో చేతులు గీరుకుపోయాయి. కాసేపటికి నీళ్లు బంగారు రంగుకు తిరిగి, నిమ్మచెక్కనూ అడవినీ కలిపిన వాసన పాకంతా నిండింది. వాళ్లు మాల్ట్‌ను మామూలు నీళ్లతో తడపరు, ఈ జునిపెర్ నీళ్లతోనే తడుపుతారు. చెక్క తొట్లు కడిగేదీ వీటితోనే. చెడ్డ సూక్ష్మజీవులను అణిచే గుణం ఆ ఆకులో ఉందని ఇప్పుడు చెబుతున్నారు. గింజ కిందికి జారకుండా తొట్టి అడుగున పరిచేదీ జునిపెర్ కొమ్మలే. వాటి సందుల్లోంచి రసం వడకడుతుంది.

ఆ రసాన్ని మళ్లీ కాగులోకి పోసి మూడు నాలుగు గంటలు మరిగించారు. హాబీ పుస్తకాల్లో గంట చాలంటారు. వోస్ పద్ధతిలో రసం బాగా ఇంకి, రంగు ఎర్రబారి, చిక్కదనం రావాలి. అందుకే వాళ్ల బీరు ఏడెనిమిది శాతానికి తక్కువ ఉండదు. మంట దగ్గర ఒకరు తప్పకుండా ఉండాలి, కానీ చేయడానికి పెద్దగా పనుండదు. ఆ తీరిక గంటల్లోనే ఆ పాక నాకు అర్థమైంది. పొరుగువాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పిలవలేదు, పొగ చూసి వచ్చారు. వచ్చినవాళ్లు కాగులోకి తొంగిచూసి, ఒక కట్టె పొయ్యిలోకి తోసి బల్లమీద కూర్చున్నారు. మాటలు తక్కువ. మన వైపు పది మంది చేరిన చోట క్షణం నిశ్శబ్దం పడితే ఎవరో ఒకరికి కంగారు పుట్టి ఏదో ఒకటి మాట్లాడతారు. అక్కడ పావుగంట ఎవరూ పెదవి కదపకపోయినా ఎవరికీ ఇబ్బంది లేదు. మొదట నాకు ఊపిరాడనట్టుండి, తర్వాత హాయిగా అనిపించింది.

మధ్యలో కాఫీ, దాంతో గుండె ఆకారపు వాఫిళ్లు, వాటిమీద గోధుమరంగు జున్ను పలచటి చెక్కలుగా. పాలవిరుగుడును గంటల తరబడి మరిగించి చేసే జున్ను అది. కోవాకు ఉప్పు తగిలినట్టుంటుంది. మధ్యాహ్నం భోజనంలో వోస్ వాళ్ల ప్రత్యేక వంటకం వచ్చింది. గొర్రె తలకాయను కాల్చి, ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి, ఆవిరిమీద ఉడికించి, తలకు సగం తల చొప్పున పళ్లెంలో పెడతారు. బయటి దేశాల వాళ్లు దాన్ని చూసి జంకుతారట. తలకాయ కూర తిని పెరిగినదాన్ని, నాకు జంకు లేదు. చెవీ కన్నూ వేడిగా ఉండగానే తినేయాలని ఇంటావిడ చెప్పింది. కొవ్వు పేరుకుంటే రుచి పోతుంది. మసాలా ఏమీ లేదు. ఉప్పు, పొగ, మాంసం, పక్కన ఉడికిన బంగాళాదుంప. అంత తక్కువ సరంజామాతో అంత రుచి రావడం నన్ను ఆలోచనలో పడేసింది.

సాయంత్రానికి రసం చల్లారుతూ వచ్చింది. ఇంటాయన లోపలికి వెళ్లి ఒక చిన్న సీసా తెచ్చాడు. అందులో లేత గోధుమరంగు పెళుసులు. ఆ ఈస్ట్‌ను వాళ్లు క్వైక్ అంటారు. కిందటి కాపులో తీసి, కాగితంమీద పలచగా పూసి ఆరబెట్టి దాచింది. ఫ్రీజర్లు రాకముందు చెక్క ముక్కలను ఒకదానిలో ఒకటి గుచ్చి చేసిన వలయాన్ని పులుస్తున్న బీరులో ముంచి, ఇంటి దూలానికి వేలాడదీసేవారు. సందుల్లో చిక్కుకున్న ఈస్ట్ ఎండి నెలల తరబడి బతికేది. మళ్లీ కాచేటప్పుడు వలయాన్ని రసంలో వేస్తే చాలు. వాళ్ల నాయనమ్మ కాలపు వలయం ఒకటి గోడకు తగిలించి ఉంది. "అప్పుడు కాచేది ఆడవాళ్లే. నాన్న కట్టెలు కొట్టేవాడు, అంతే" అన్నాడాయన. నార్వేలో చాలా ప్రాంతాల్లో బీరు కాయడం ఆడవాళ్ల పనిగానే ఉండేది. మగవాళ్ల చేతికి వచ్చింది తర్వాత.

రసంలోకి థర్మామీటరు దించారు. 39 డిగ్రీలు. ఇంటాయన వేలు ముంచి తలూపాడు. అప్పుడే పిండిన పాల వేడి ఉంటే సరి, అది వాళ్ల పాత కొలత. ఈస్ట్ వేస్తూనే పాక అదిరిపోయేలా ఒక కేక పెట్టాడు. అంత మాటపొదుపు మనిషి గొంతులోంచి ఆ కేక రావడం నేను ఊహించలేదు. ఈస్ట్ వేసేటప్పుడు ఎంత గట్టిగా అరిస్తే బీరు అంత బలంగా వస్తుందని పాత నమ్మకం. పొరుగువాళ్లంతా గొంతు కలిపారు. మా వాడూ, నేనూ.

రాత్రి భోజనం ముగించి మళ్లీ పాకలోకి వెళ్లేసరికి రసంమీద తెల్లటి నురగ లేచి ఉంది. మా తమ్ముడి గదిలో పొట్లం ఈస్ట్‌కు మర్నాటిదాకా పట్టే పని ఇక్కడ కొన్ని గంటల్లో జరిగిపోయింది. రెండు రోజుల్లో పులియడం దాదాపు అయిపోతుంది. కిందటి కాపు బీరు ఒక రంగుల చెక్క గిన్నెలో తెచ్చారు. అందరికీ అదొక్కటే గిన్నె. రెండు చేతులా పట్టుకుని, పక్కవాళ్ల కళ్లలోకి చూసి, ఒక గుక్క తాగి, వాళ్లకు అందించాలి. ఎర్రటి బీరు, నురగ దాదాపు లేదు, తీపి ఉంది, అడుగున జునిపెర్ వగరు. అన్నిటికన్నా ముందు ముక్కుకు తగిలింది కమలా తొక్క వాసన. ఎవరూ కమలాపండు వేయలేదు. ఆ వేడిలో ఈస్ట్ తనంత తాను పుట్టించిన పరిమళం అది.

ఇంతకాలం ఈ ఈస్ట్ ఎలా నిలిచిందని మా వాణ్ని అడగమన్నాను. ఇంటాయన జవాబు చాలా మామూలుగా చెప్పాడు. చెడిపోతే పక్కింటికి వెళ్లి తెచ్చుకుంటాం, వాళ్లది చెడిపోతే మా దగ్గరికి వస్తారు. మన ఇళ్లలో పెరుగు తోడుకు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లడమే ఇది. డబ్బు ప్రసక్తి లేదు, ఋణం అన్న మాటా లేదు. పదేళ్ల కిందట నేనిచ్చినదే ఇవాళ పక్కావిడ నాకు తిరిగి ఇస్తుంది. ఆలోచించగా, తన ఈస్ట్‌ను తన ఇంట్లోనే దాచుకున్నవాడు ఎప్పుడో పోగొట్టుకునే ఉంటాడని అనిపించింది. లోయలో అడిగినవాళ్లందరికీ పంచినవాడిది మాత్రం ఎక్కడో ఒక ఇంట్లో బతికే ఉంటుంది. తన ఫ్రీజరు చెడినా, తన కాపు పుల్లబడి చెడిపోయినా.

పాతకాలంలో పల్లెల్లో బీరు ఏడాదికి ఒకటి రెండు సార్లే కాచేవారు. క్రిస్మస్‌కు, కోతలకు, పెళ్లికి, చావుకు. మధ్యలో నెలలు గడిచేవి. ఎండి కూడా బతకగల ఈస్టే మిగిలింది, తక్కినది పోయింది. రసాన్ని గోరువెచ్చగా ఉండగానే తొట్టెలో పోసేవారు కాబట్టి వేడికి ఓర్చుకున్నదే మిగిలింది. ఎవరూ ప్రయోగశాలలో పెంచింది కాదు. ఇళ్ల అవసరాలే తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చాయి. 2018లో వెలువడిన ఒక జన్యు పరిశోధన ఈ క్వైక్‌లు ప్రపంచంలోని తక్కిన బీరు ఈస్ట్‌లకు భిన్నమైన ఒక ప్రత్యేక కుటుంబమని తేల్చింది. ఆ పరిశోధకుల్లో ఒకరు లార్స్ మారియుస్ గార్షోల్. ఊరూరా తిరిగి ఈ పల్లె కాపులను చూసి రాసుకున్న నార్వే మనిషి. 2020లో ఆయన పుస్తకం వచ్చింది. వోస్ ఈస్ట్ ఇవాళ పొట్లాల్లో అన్ని ఖండాలకూ పోతోందంటే అందులో ఆయన కృషి చాలా ఉంది.

వోస్ నుంచి ఉత్తరంగా వికాఫ్యెల్ కొండ ఎక్కాం. పైన చెట్టన్నది లేదు. రాళ్లు, నాచు, గడ్డకట్టబోతున్న చెరువులు. అవతల దిగితే విక్ ఊరు, నల్లటి చెక్క చర్చి, దాని ముందు సోన్యె ఫియోర్డ్. 200 కిలోమీటర్లకు పైగా భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. లోతు కొన్నిచోట్ల 1,300 మీటర్లు దాటుతుంది. ఫెర్రీమీద నిలబడితే నీళ్లు నల్లగా, కదలిక లేకుండా ఉన్నాయి.

"ఈ ఈస్ట్‌కు మన రాజమండ్రి మే నెల సరిగ్గా సరిపోతుందక్కా. చల్లార్చే యంత్రం కూడా అక్కర్లేదు" అన్నాడు మా తమ్ముడు రెయిలింగ్ పట్టుకుని.

నిజమే. మన ఊళ్లో వేసవి మధ్యాహ్నం ఇంటి నీడలోనే 40 ఉంటుంది. ఎండను తట్టుకునే ఈస్ట్ మంచు దేశంలో దొరికింది. కానీ మన దగ్గర ఇంట్లో బీరు కాయడం నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తునిచ్చేది ఏదీ తయారుచేయకూడదు. ఆ మాటే వాడితో అంటే, "ఇక్కడ ఒకప్పుడు కాయకపోతే నేరం, తెలుసా" అన్నాడు.

మేం దాటుతున్న ఫియోర్డ్ సముద్రంలో కలిసేచోటికి కొంచెం దక్షిణాన గూలెన్ అనే చోటు ఉంది. మధ్యయుగంలో పడమటి నార్వే రైతులంతా అక్కడ సభ చేరేవారు. వాళ్ల చట్టం రాతలో మిగిలింది. దాని ప్రకారం ప్రతి రైతూ క్రిస్మస్‌కు బీరు కాయాలి. కనీసం మూడు కుటుంబాలు కలిసి, క్రీస్తు పేరా మేరీ పేరా దీవించి, మంచి ఏడాదినీ శాంతినీ కోరుకుంటూ తాగాలి. కాయనివాడు బిషప్పుకు జరిమానా కట్టాలి. వరసగా మూడేళ్లు కాయకపోతే ఆస్తి పోతుంది. చట్టంలో నాకు నచ్చింది ఆ మూడు కుటుంబాల షరతు. ఒంటరిగా తాగితే లెక్కలోకి రాదు. విసిరేసినట్టున్న ఇళ్లమధ్య, నెలల తరబడి చీకట్లో ఉండే మనుషులు ఏడాదికి ఒకసారైనా ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలని చట్టమే ఆదేశించింది.

అక్కడ నిలబడి నేను తలుచుకున్నది మా రంప కొండలను. రాజమండ్రి నుంచి కొన్ని గంటల ప్రయాణం. ఆ కొండల్లో జీలుగు చెట్టు కల్లు ఇంటిల్లిపాదికీ ఆహారం. చిరుధాన్యాల గింజలు అయిపోయే నెలల్లో మరీను. ముంతలో మిగిలిన పాత కల్లు తడే కొత్త కల్లును పులియబెడుతుంది. బ్రిటిషు కాలంలో ఆ కొండలను ఏలిన మున్సబుదారు దానిమీద చిగురుపన్ను వేశాడు. ఆ పైన మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, సొంతానికి గీసుకునే హక్కు తీసేసి, గుత్తేదారులకు ఇచ్చింది. 1879లో రంప తిరుగుబాటు రగలడానికి ముఖ్య కారణాల్లో అదొకటి. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి లాంటి వాళ్లు చోడవరం పోలీసు ఠాణాల మీద పడ్డారు. అల్లూరి సీతారామరాజుకు నాలుగు దశాబ్దాలు ముందటి కథ. చెట్టు వాళ్లది, చెయ్యి వాళ్లది, ముంత వాళ్లది. తాగే హక్కు మాత్రం గుత్తేదారుది. తాగుడు మన ఇళ్లను ఎలా కూలుస్తుందో నాకు తెలుసు. సారాకు వ్యతిరేకంగా మన ఆడవాళ్లు చేసిన పోరాటం నాకు గర్వకారణం. అయినా ఇంట్లో, నలుగురి మధ్య, పండక్కి కాచుకున్నదానికీ, గుత్తేదారు దుకాణంలో రోజూ అమ్మేదానికీ తేడా ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. మొదటిదాన్ని నేరం చేసి రెండోదాన్ని ఖజానాకు ఆదాయం చేసుకున్న ఆబ్కారీ లెక్క మన కొండలకు చాలా అన్యాయం చేసింది.

ఫెర్రీ దిగి, ఇంకో కొండ ఎక్కి దిగి, మంచు నదులు కరిగి పారే లోయల వెంబడి హోర్నిన్‌డాల్ చేరాం. అక్కడి సరస్సు 514 మీటర్ల లోతు, యూరప్‌లో అంత లోతైనది లేదు. ఈసారి కాచేది ఒక నడివయసు ఆవిడ. స్కూల్లో టీచరు. ఆవిడ పద్ధతి వోస్‌కు పూర్తిగా వేరు. రసాన్ని అసలు మరిగించదు. వడకట్టిన వెంటనే చల్లార్చి, 30 డిగ్రీల దగ్గర ఈస్ట్ వేస్తుంది. మరిగించకపోవడంతో గింజలోని మాంసకృత్తులు అలాగే ఉండిపోతాయి. బీరు మబ్బుగా, చిక్కగా, పాలు కలిపినంత నునుపుగా వస్తుంది. ఎక్కువ కాలం నిలవదు. నిలవ చేసుకునే ఆలోచన కూడా వాళ్లకు లేదు, పండగలోపు అయిపోవాలి.

మేం వెళ్లింది పులియడం ముగిసిన సాయంత్రం. ఆవిడ గరిటెతో పై నురగను తీసి గిన్నెలోకి ఎత్తింది, మళ్లీ కాపుకు. వోస్ ఈస్ట్‌కు కమలా వాసన అయితే దీనిది ఇంకో లోకం, పుట్టగొడుగు, పాలు, ఎండుపండు. ప్రయోగశాలలు ఈ క్వైక్‌ల లోంచి ఒక్క రకాన్ని వేరుచేసి అమ్ముతున్నాయి. ఆవిడ గిన్నెలో ఉన్నది ఎన్నో రకాల ఈస్ట్‌ల గుంపు, వాటితోపాటు కొన్ని బ్యాక్టీరియాలు కూడా. "వాటిలో ఎవరు ఏం చేస్తారో నాకు తెలియదు. ఒక్కరినీ బయటికి పంపను" అంది. కొత్త బీరు పీపాలో పోసే ఆ సాయంత్రం చుట్టుపక్కల వాళ్లు రావడం అక్కడి ఆచారం. వచ్చారు, బూట్లు విప్పి వరసగా పెట్టి. గిన్నె తిరిగింది. మొహమాటపు మెప్పుకోలు ఒక్కటీ వినిపించలేదు. ఒకాయన ఈసారి జునిపెర్ ఎక్కువైందన్నాడు. ఇంకొకావిడ కిందటేడాదిదే బాగుందంది. టీచరమ్మ శ్రద్ధగా విని, పుస్తకంలో రాసుకుంది. మన ఇళ్లలో అతిథి వంటకు వంక పెడితే ఇంటావిడ రాత్రంతా బాధపడుతుంది. అక్కడ వంక పెట్టకపోతే సరిగా తాగలేదని అర్థం. నన్నూ అడిగారు. తీపి ఇంకాస్త తగ్గినా బాగుంటుందన్నాను. అదీ రాసుకుంది.

అక్కడి నుంచి ట్రోండ్‌హైమ్ దాకా చాలా దూరం. నిలువుగా లేచిన ట్రోల్ గోడ అనే రాతి కొండ కింద ఆగి మెడ నొప్పెట్టేదాకా చూశాం. డోవ్రె పీఠభూమిమీద మంచు పడుతుంటే మా వాడు మాటలు మానేసి దారిమీదే కళ్లు పెట్టాడు.

ట్రోండ్‌హైమ్‌కు తూర్పున ష్యోర్‌డాల్. కొండలు వెనక్కి జరిగి, వెడల్పాటి చేలు కనిపించాయి. బార్లీ పండే నేల. ఇక్కడ ఈస్ట్ గురించి అడిగితే ఎవరికీ ఆసక్తి లేదు. పాత ఈస్ట్ ఎప్పుడో పోయింది, కొట్లో దొరికే రొట్టె ఈస్ట్ వేస్తారు. వాళ్ల పట్టుదలంతా మాల్ట్‌మీద. వోస్ వాళ్లు మాల్ట్‌ను బస్తాల్లో కొంటారు. ష్యోర్‌డాల్ వాళ్లు తామే తయారుచేస్తారు.

చేల మధ్య ఒక చిన్న ఇల్లు. లోపల ఒక బట్టీ, పేరు సోయిన్. కింద ఆల్డర్ కట్టెల మంట, పైన సన్నటి చిల్లులు పొడిచిన పలకలు. పలకలమీద మొలకెత్తిన బార్లీ పరిచి, పొగతోనే ఆరబెడతారు. గింజలను ముందు రెండు మూడు రోజులు నానబెట్టాలి, తర్వాత నేలమీద పరిచి వేడెక్కకుండా తిప్పుతూ దాదాపు వారం మొలకెత్తించాలి. ఆ తర్వాతే బట్టీ. మంట ఒక్కసారి పెరిగితే మొలకలోని ఎంజైములు చచ్చి మాల్ట్ పనికిరాకుండా పోతుంది. తగ్గితే బూజు. కనుక రాత్రంతా ఒకరు మేలుకొని ఉండాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. పొరుగిళ్లవాళ్లు కలిసి ఒక సోయిన్ కట్టుకుంటారు, వంతులు వేసుకుంటారు. మేం వెళ్లిన రాత్రి వంతు ఇద్దరిది. ఒకాయన లారీ డ్రైవరు, ఇంకొకాయన విమానాశ్రయంలో పనిచేస్తాడు. చెక్క పారతో గింజను తిరగేస్తూ, మధ్యమధ్య ఒక పలుకు నోట్లో వేసుకుని కొరికి చూస్తున్నారు. నాకూ ఇచ్చారు. బయట కరకర, లోపల తీపి, ఆపైన నాలుకమీద చాలాసేపు నిలిచే పొగ.

బీరు తెచ్చి పోశారు. ముదురు ఎరుపు. మొదటి గుక్కకు పొగ తప్ప ఏమీ తెలియదు. మూడో గుక్కకు పొగ వెనక రొట్టె, దాని వెనక తేనె. నేను ఆ ప్రయాణంలో తాగినవాటిలో ఇదే నాకు ఎక్కువ నచ్చింది.

రెండు లోయలు చెరో సగం ఎందుకు కాపాడుకున్నాయని ఆ రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ష్యోర్‌డాల్‌కు రొట్టె ఈస్ట్ కొట్లో దొరికింది, ఈ పొగలో దాని తేడా పెద్దగా తెలియదు, కనుక పాతది జారిపోయింది. వోస్‌కు మిల్లు మాల్ట్ దొరికింది, ఇంత వేడిలో కమలా వాసన పుట్టించే ఈస్ట్‌కు ఏ మాల్టయినా ఒకటే, కనుక బట్టీలు ఆరిపోయాయి. కొనుక్కుంటే సరిపోయేదాన్ని మనుషులు ఎక్కడైనా వదిలేస్తారు. ఏ దుకాణంలోనూ దొరకనిది, పొరుగువాడు లేకపోతే ఒనగూరనిది ఏదుందో, దానికోసం లారీ దిగి వచ్చి రాత్రంతా మేలుకుంటారు. వాళ్లెవరూ సంప్రదాయ రక్షకులమని చెప్పుకోలేదు. క్రిస్మస్‌కు ఇంట్లో తమ బీరు లేకపోవడం వాళ్లు ఊహించుకోలేరు, అంతే.

వోస్‌లో బయల్దేరేటప్పుడు ఆ ముసలాయన మా వాడికి ఒక చిన్న పొట్లం నిండా క్వైక్ పెళుసులు ఇచ్చాడు. తెల్లవారుజామున మా వాడు దాన్ని తీసి సగం లారీ డ్రైవరు చేతిలో పెట్టాడు. ఆయన వాసన చూసి రెండే ప్రశ్నలు అడిగాడు. ఎంత వేడిలో వేయాలి? పొగను కప్పేస్తుందా? రెండోదానికి జవాబు మా వాడి దగ్గర లేదు. వేసి చూడమన్నాడు.

నేను తిరిగొచ్చాక ఫోన్లో చెప్పాడు. లారీ డ్రైవరు ఒక చిన్న కాపు, 20 లీటర్లు, వోస్ ఈస్ట్‌తో కాచి సోయిన్ వాళ్లందరికీ పోశాడట. కమలా వాసన బాగుందన్నవాళ్లున్నారు, పొగకు అడ్డొచ్చిందన్నవాళ్లున్నారు. ఈస్ట్ ఆరబెట్టి ఇద్దరు ముగ్గురు తీసుకెళ్లారు. క్రిస్మస్ కాపులో మాత్రం రొట్టె ఈస్టే వేశారు.